కత్తికి మెటాలిక్ రంగా, ఎన్‌ఎంఎమ్మా? పోటీలో దేనికి ఎక్కువ మార్కులు?

బెజవాడ_బ్రష్
మన విజయవాడ, గుంటూరు వాళ్లం కలిసి పెట్టుకుంటున్న పెయింటింగ్ పోటీకి రూల్స్ రాస్తున్నాను. బల్ల మీద ఆడే ఆటల్లో వాడే 28 మి.మీ. ఫ్యాంటసీ బొమ్మకి రంగులు వేయాలి, మనిషికి ఒకటి. అన్నీ తేలాయి, ఒక్కటి తప్ప. కత్తి, కవచం ఎన్‌ఎంఎం పద్ధతిలో వేస్తే అదనంగా పది మార్కులు ఇవ్వాలని గ్రూపులో ఒకరు అడిగారు. అప్పటి నుంచి కొట్లాటే.

కొత్తవాళ్ల కోసం ఒక ముక్క. మెటాలిక్ అంటే సీసాలోనే మెరుపు ఉన్న వెండి, బంగారు రంగులు. ఎన్‌ఎంఎం (నాన్ మెటాలిక్ మెటల్) అంటే ఆ సీసా ముట్టుకోకుండా నలుపు, బూడిద, తెలుపు లాంటి మామూలు మ్యాట్ రంగులతోనే లోహం మెరుస్తున్న భ్రమ కల్పించడం. పది మార్కులు ఇవ్వాలా, వద్దా? కారణం చెప్పండి. "నాకు ఇష్టం" అంటే లెక్కలోకి రాదు.

పటమట_పెయింటర్
అడిగింది నేనే, దాచేదేముంది.

మెటాలిక్ రంగులో ఉండేది సన్నటి అభ్రకం పొలుసులు, లేదంటే అల్యూమినియం పొలుసులు. గదిలో లైటు ఎటుంటే అటు మెరుస్తాయి. వెలుగు ఎక్కడ పడాలో నిర్ణయించేది ట్యూబ్‌లైటు, నువ్వు కాదు. పైగా మనిషిని 28 మి.మీ.కి కుదించాం గానీ ఆ పొలుసును కుదించలేదు. దగ్గర నుంచి ఫోటో తీస్తే కత్తి మీద ఇసుక చల్లినట్టు ఉంటుంది.

ఇప్పుడు వంటింట్లోంచి ఒక స్టీలు గ్లాసు తెచ్చి కిటికీ పక్కన పెట్టండి. వెండి రంగు అనేది దాని మీద ఎక్కడైనా ఉందా? కిటికీ కనిపించే చోట తెల్లటి నిలువు చార. దాన్ని ఆనుకునే, మధ్యలో బూడిద రంగు కూడా లేకుండా, దాదాపు నల్లటి చార. ఆ తర్వాత ఎక్కడో నీరసంగా ఒక బూడిద పట్టీ. అడుగున గట్టు రంగు కాస్త అంటుకుని ఉంటుంది. అదే గరిటె వెనక వైపు చూస్తే చార కాస్తా చుక్క అయిపోతుంది, ఎందుకంటే అది అన్ని వైపులా వంగిన ఆకారం. ఉక్కును ఉక్కులా చూపించేది ఆ నలుపు తెలుపుల పక్కపక్క పొత్తే. బంగారమైతే ముదురు బ్రౌన్ నుంచి ఓకర్ (మట్టి పసుపు), పసుపు మీదుగా దాదాపు తెలుపు దాకా ఎక్కాలి. ఇదంతా చూసి, గుర్తుపెట్టుకుని, గోరంత కత్తి మీద వేయాలి. దానికి పది మార్కులు ఎక్కువా?

అరండల్‌పేట_ఓర్క్
పటమట అన్నా, గ్లాసు తెచ్చావు, బాగుంది. దాన్ని అక్కడే ఉంచి నువ్వు రెండడుగులు పక్కకి జరుగు. చార కూడా జరిగింది కదా? నీ ఎన్‌ఎంఎం కత్తి మీద చార జరుగుతుందా? ఎదురుగా ఒక్క కోణంలో ఫోటో తీసినంతసేపే అది ఉక్కు. చేతిలోకి తీసుకుని తిప్పితే బూడిద రంగు ప్లాస్టిక్. ఫోన్ స్క్రీన్ మీద బొమ్మ తిరగదు కాబట్టి అక్కడ ఎన్‌ఎంఎం రాజు. మేం గుంటూరులో బల్ల మీద పెట్టి ఆడుకుంటాం, మూడడుగుల దూరం నుంచి చూస్తాం. అక్కడ లెడ్‌బెల్చర్ అనే ముదురు ఉక్కు మెటాలిక్ మీద ఒక పూత నల్న్ ఆయిల్ (సందుల్లోకి దిగే పలచటి నల్ల రంగు, దీన్నే వాష్ అంటాం) వేసిన కత్తే కత్తి.

పటాలం మొత్తానికి ఎన్‌ఎంఎం వేయమంటే నా పెళ్లి నాటికి కవచాలు, షష్టిపూర్తి నాటికి కత్తులు అవుతాయి.

పటమట_పెయింటర్
మరి బొమ్మ ముఖం మీద దవడ కింద నీడ వేస్తావుగా తమ్ముడూ? దుప్పటి మడతల్లో ముదురు రంగు వేస్తావుగా? అవి కూడా కదలవు. బొమ్మంతా ఒక వైపు నుంచి వెలుగు పడుతున్నట్టు వేసి, కత్తిని మాత్రం ట్యూబ్‌లైటుకి వదిలేస్తే ఒకే బొమ్మలో రెండు సూర్యుళ్లు. నాకు కంట్లో నలుసు అదే.

అరండల్‌పేట_ఓర్క్
అక్కడే దొరికిపోయావు. చర్మం, గుడ్డ మీద వెలుగు అన్ని వైపులా చెదురుతుంది, మనం పక్కకి జరిగినా పెద్దగా మారదు. అందుకే గీసిన నీడ అక్కడ చెల్లుతుంది. లోహం అలా కాదు, చూసే కంటిని బట్టి మారుతుంది. నేను మొదటి నుంచి చెప్తున్నది అదే.

బ్రాడీపేట_డ్రాయింగ్_మాస్టారు
నాయనా, మీరిద్దరూ కొట్టుకుంటున్న తగువుకి ఆరు వందల ఏళ్లు దగ్గరపడ్డాయి. 1435లో ఇటలీలో అల్బెర్టి అనే ఆయన చిత్రకారుల కోసం రాస్తూ ఇదే తేల్చాడు. పాత లాటిన్ కావ్యంలోని డిడో రాణి అమ్ములపొది బంగారంది అయినా సరే, బంగారు రేకు అంటించకు, రంగులతోనే బంగారాన్ని చూపించు, మెప్పు అందులోనే ఉంది అన్నాడు. కారణం కూడా చెప్పాడు. చదునైన పలక మీద అసలు బంగారం వేస్తే మెరవాల్సిన చోట నల్లగానూ, నల్లగా ఉండాల్సిన చోట మెరుస్తూనూ కనిపిస్తుందట. పటమట అబ్బాయి అన్నమాటే.

అయితే ఆయన మాట్లాడింది చదును పలక గురించి. మన తంజావూరు పటాలు చూడండి. అక్కడ నగలు, కిరీటం ఉబ్బెత్తుగా పోసి దాని మీద బంగారు రేకు వేస్తారు. దీపం ముందు పెడితే ఆ ఉబ్బు మీద వెలుగు దానంతటదే కదులుతుంది. రేకు పనిచేసేది ఉబ్బు ఉంది కనుకనే. మీ బొమ్మల్లో గొలుసు కవచం, మేకుల తలలు, డాలు మధ్య బుడిపె అన్నీ ఉబ్బెత్తే. వాటికి మెటాలిక్ వేసి సందుల్లో వాష్ దించితే చాలు, పొలుసు తన పని తాను చేసుకుంటుంది. వెడల్పు కత్తి అలుగు మాత్రం చదును. అక్కడ మెటాలిక్ ఒక్కటే పూస్తే చచ్చు రేకులా ఉంటుంది, వెలుగు ఎక్కడో మనమే నిర్ణయించాలి. నా ఓటు: పది మార్కులు వద్దు. ఏ ఆకారానికి ఏది వాడాలో తెలిసిందా లేదా అన్నది చూడండి.

కృష్ణలంక_కొత్తోడు
మాస్టారూ, చిన్న డౌట్. మే నెలలో మా మేడ మీద గదిలో రంగు బ్రష్ మీదే ఎండిపోతోంది. నలుపు నుంచి తెలుపుకి కలపడం ఎలా? టెన్షన్ వచ్చేస్తోంది. మెటాలిక్ నేర్చుకుంటే సరిపోతుందా?

పటమట_పెయింటర్
తడి ప్యాలెట్ చేసుకో తమ్ముడూ, కొనక్కర్లేదు. మూత గట్టిగా పట్టే ప్లాస్టిక్ డబ్బా, అడుగున తడిపిన స్పాంజి, దాని మీద బేకింగ్‌కి వాడే పార్చ్‌మెంట్ కాగితం. ఫ్యాన్ ఆపేయి, లేదా మొహం మీదకి తిప్పుకుని బల్ల మీదకి రానీయకు. తడిలోనే కలపాలని కూర్చోకు. రంగును బాగా పలచన చేసి, ఒక పూత ఆరాక ఇంకో పూత వెయ్యి. మన ఎండకి ఆరడం అనేది ఒక నిమిషం పని, ఆ లెక్కన పొరల మీద పొరలు వేసేవాడికి మే నెల లాభమే. స్ప్రే ప్రైమర్ (రంగులకి ముందు వేసే అడుగు పూత) మాత్రం మధ్యాహ్నం కొట్టకు, బొమ్మను చేరేలోపే ఆరి పొడి పొడిగా అతుక్కుంటుంది.

అరండల్‌పేట_ఓర్క్
పై సలహాకి ఒక సవరణ. మెటాలిక్ రంగును తడి ప్యాలెట్ మీద పెట్టకు, పలచనై పొలుసు, ద్రవం విడిపోతాయి. పాత టైల్ ముక్క చాలు. బ్రష్ కడిగే నీళ్లు కూడా వేరే గ్లాసులో పెట్టు. ఆ పొలుసులు నీళ్లలో తేలుతూ ఉంటాయి, తర్వాత అదే నీళ్లతో ముఖం వేస్తే రాక్షసుడి బుగ్గల మీద మెరుపులు.

ఇక "సీసాలోనే మెరుపు" అని తేలిగ్గా తీసేశారు కాబట్టి చెప్తున్నా. నేను వేసేది ఇలా. నల్ల ప్రైమర్ మీద ముదురు ఉక్కు రంగు. వాష్ అంతటా పొయ్యను, సందుల్లో మాత్రమే సన్న బ్రష్‌తో. తర్వాత నీడ పడాల్సిన చోట ముదురు నీలం, బ్రౌన్ కలిపిన మ్యాట్ రంగును నీళ్లలా పలచగా చేసి పూత మీద పూత. ఆ మ్యాట్ పొర పొలుసును కప్పేసి అక్కడ మెరుపును చంపుతుంది. చివర్లో అంచుల మీద, పై వైపు తిరిగిన చోట మాత్రమే తెల్లటి వెండి. ఇప్పుడు ట్యూబ్‌లైటు ఎటున్నా నీడ నీడలాగే ఉంటుంది, మెరుపు మాత్రం నేను వదిలిన చోట కదులుతుంది. పటమట అన్న రెండు సూర్యుళ్లూ సర్దుకున్నారు.

ఇంకోటి, చివర్లో బొమ్మంతా మ్యాట్ వార్నిష్ కొట్టి "నా వెండి చచ్చిపోయింది" అని ఏడవకండి. వార్నిష్ అయ్యాక అంచుల మీద వెండి మళ్లీ ఒక గీత గీయండి.

పటమట_పెయింటర్
ఇది నిజంగా బాగుంది. కానీ ఓర్క్ తమ్ముడూ, వెలుగు ఎక్కడ పడాలో ఆలోచించావంటే సగం ఎన్‌ఎంఎం చేసినట్టేగా?

అరండల్‌పేట_ఓర్క్
అదిగో, మళ్లీ మొదలు.

గుణదల_గ్యారేజ్
ఎవరూ అడగలేదు గానీ, మీ ఇద్దరి కత్తులూ మరీ కొత్తగా ఉంటాయి. బందరు రోడ్డులో బాపు మ్యూజియంలో పాత కత్తులు, డాళ్లు, కవచాలు ఉన్నాయి. ఒకసారి వెళ్లి చూసి రండి. వాడిన ఇనుము అద్దంలా ఉండదు. తుప్పు పట్టేది నీళ్లు నిలిచే చోట: మేకుల చుట్టూ, తోలు పట్టీ కింద, అతుకుల్లో. పదును అంచు మాత్రం సానపట్టి తెల్లగా ఉంటుంది. ఇత్తడి, కంచు అయితే సందుల్లో నీలి పచ్చ చిలుము. కొందరు స్పాంజితో కత్తంతా తుప్పు అద్దేస్తారు. అలాంటి కత్తి పట్టుకున్న వీరుడు యుద్ధానికి కాదు, పాత ఇనుము కొట్టుకి వెళ్తున్నట్టు.

బెజవాడ_బ్రష్
సరే, రూలు ఇలా రాస్తున్నాను. పద్ధతికి అదనపు మార్కులు లేవు. ఫోటోలు చూసి మార్కులు వేయం. జడ్జీలు బొమ్మను చేతిలోకి తీసుకుని ఒకే దీపం కింద తిప్పి చూస్తారు. మాస్టారు చెప్పినట్టు ఆకారానికి తగ్గ పద్ధతా కాదా అన్నది ఒక అంశం, గుణదల వాళ్లు చెప్పినట్టు లోహం వాడినట్టు ఉందా అన్నది ఇంకో అంశం. అందరికీ ఓకేనా?

పటమట_పెయింటర్
ఓకే. దీపం ఎడమ వైపు పైన పెట్టండి, నేను వెలుగు అటు నుంచే వేస్తాను.

అరండల్‌పేట_ఓర్క్
ముందే చెప్పేస్తే ఎలా అన్నా? దీపం ఎక్కడుంటుందో పోటీ రోజు దాకా ఎవరికీ తెలియకూడదు. రూల్లో రాయండి.

పటమట_పెయింటర్
అలాగైతే నా పది మార్కులు నాకు ఇచ్చేయండి.

బెజవాడ_బ్రష్
దీపం గురించి వేరే చర్చ పెడుతున్నాను. మాస్టారూ, మీరు అక్కడికి రావాలి.