అప్‌డేట్: అమ్మతో ఒక్కరోజు నాందేడ్ వెళ్లొచ్చాం

పోయిన నెల ఇక్కడ అడిగాను: ధర్మాబాద్ నుంచి మోకాళ్ల నొప్పులున్న అమ్మను నాందేడ్ తీసుకెళ్తున్నా, ఒక్కరోజులో ఏం చూడాలి, కారం తక్కువ భోజనం ఎక్కడ దొరుకుతుందని. జవాబిచ్చిన అందరికీ థాంక్స్.

పొద్దున్నే సచ్‌ఖండ్ గురుద్వారాకు వెళ్లి లంగర్‌లోనే (అక్కడ అందరికీ ఉచితంగా భోజనం పెట్టే చోటు) తినమన్న సలహా బాగా పనికొచ్చింది. సిక్కుల పదో గురువు గురు గోవింద్ సింగ్ 1708లో కన్నుమూసిన చోటది. ఇప్పుడున్న కట్టడాన్ని 1830లలో మహారాజా రంజిత్ సింగ్ కట్టించారు. తెల్లని పాలరాయి, పైన బంగారు గుమ్మటం చూస్తూ అమ్మ చాలాసేపు మాట్లాడలేదు. కింద కూర్చోలేదేమోనని నాకు టెన్షన్. అక్కడ సేవ చేస్తున్న కుర్రాడు చూసి, అడక్కుండానే బెంచీ వేశాడు. వేడి రొట్టె, పప్పు. అమ్మ రెండోసారి వడ్డించుకుంది! ఇంట్లో ఒక్క రొట్టె తినడమే కష్టం.

హోటళ్ల లిస్టు అవసరమే పడలేదు. కారు కూడా అక్కర్లేదు, రైలు దిగి ఆటోలో వెళ్లాం. తలకు కప్పుకునే గుడ్డ మాత్రం మర్చిపోకండి.

సాయంత్రం నగీనా ఘాట్‌లో గోదావరి చూశాం. కోట వదిలేశాం, అమ్మ నడవలేదు. దానికి ఇంకోసారి వెళ్తాం.