బీటెక్ అయ్యాక 9,000కి అప్రెంటిస్‌గా చేరడమా, మారతహళ్ళిలో కోర్సు తీసుకోవడమా?

గుత్తి_టు_కేఆర్‌పురం: తమ్ముడు 2025లో ఈసీఈ పాసయ్యాడు. బెంగళూరు పీన్యాలో ఎలక్ట్రికల్ ప్యానెల్ బోర్డులు చేసే కంపెనీ ఏడాది అప్రెంటిస్‌గా రమ్మంటోంది, నెలకి 9,000. అక్కడే మారతహళ్ళిలో సాఫ్ట్‌వేర్ టెస్టింగ్ కోర్సుకి ఫీజు 35,000. ఇంట్లో రెండు పార్టీలయ్యాయి. ఏది నయం?

పీన్యా బాబాయ్: అప్రెంటిస్. కానీ నాట్స్ (కేంద్రం నడిపే అప్రెంటిస్ పథకం) పోర్టల్‌లో కాంట్రాక్టు రిజిస్టర్ చేస్తేనే. 2019లో సవరించిన రూల్స్‌లో డిగ్రీవాళ్ళకి 9,000, డిప్లొమాకి 8,000 అన్నది కనీస స్టైపెండ్. కంపెనీ ఇంకా ఎక్కువ ఇవ్వొచ్చు. ఆ కనీసంలో సగం, అంటే 4,500, కేంద్రం వాటా. అది నేరుగా కుర్రాడి ఖాతాలోనే పడుతుంది. ఇక్కడే చాలామంది ఇరుక్కుంటారు: రెండు బ్యాంకుల్లో ఖాతాలుంటే, ఆధార్ చివరగా సీడ్ (లింకు) చేసిన ఖాతాకే డబ్బు పోతుంది. అది కాలేజీలో స్కాలర్‌షిప్ కోసం తెరిచి వదిలేసిన ఖాతా అయితే 'స్టైపెండ్ రాలేదు' అని ఆఫీసు చుట్టూ తిరుగుతారు. బ్యాంకుకెళ్ళి సీడింగ్ మార్పించుకున్నాకే చేరమనండి. ఏడాది అయ్యాక చెన్నై తరమణిలోని అప్రెంటిస్ బోర్డు సర్టిఫికెట్ ఇస్తుంది. కర్ణాటక, ఆంధ్ర, తెలంగాణ అన్నీ ఆ బోర్డు కిందే. ఆ సర్టిఫికెట్‌ని ఎంప్లాయ్‌మెంట్ ఎక్స్ఛేంజీలో అనుభవంగా నమోదు చేసుకోవచ్చు.

సిల్క్‌బోర్డ్ జామ్: ఎంప్లాయ్‌మెంట్ ఎక్స్ఛేంజీయా! బాబాయ్ గారూ, ఒక్కటి చెప్పండి. పీఎఫ్ కడతారా? కట్టరు. అప్రెంటిస్ చట్టం కింద చేరినవాడికి పీఎఫ్ లేదు, ఈఎస్ఐ లేదు. పీఎఫ్ లేకపోతే యూఏఎన్, అంటే పీఎఫ్ సభ్యుడి నంబరు, రాదు. యూఏఎన్ లేనివాణ్ని ఇక్కడి ఐటీ కంపెనీలు ఫ్రెషర్ కిందే లెక్కేస్తాయి. ఏడాది పోయాక కూడా ఫ్రెషరే అయితే ఆ ఏడాది ఏమైనట్టు?

పీన్యా బాబాయ్: పీఎఫ్ లేకపోవడం చట్టమే ఇచ్చిన మినహాయింపు, లోపం కాదు. ఆ కుర్రాడు చేసేది ప్యానెల్ వైరింగ్, డ్రాయింగ్ చదవడం, వైర్లకి గుర్తుగా ఫెరూల్ నంబర్లు వేయడం, మెగ్గర్ మీటర్‌తో ఇన్సులేషన్ చూడటం. ఆ పని తెలిసినవాణ్ని బొమ్మసంద్ర ఫ్యాక్టరీల్లో ఎవరూ యూఏఎన్ అడగరు, డ్రాయింగ్ చేతికిచ్చి వైర్లు బిగించి చూపమంటారు.

సిల్క్‌బోర్డ్ జామ్: అడుగుతారు. పీఎఫ్ ప్రశ్నకి జవాబు రాలేదు.

ఫైల్ క్లియర్: కొత్తగా చేరేవాళ్ళ వివరాలు సరిచూసే బ్యాక్‌గ్రౌండ్ వెరిఫికేషన్ పని తెలిసినదాన్ని కాబట్టి చెప్తున్నా. నాట్స్ కాంట్రాక్టు, బోర్డు సర్టిఫికెట్, బ్యాంకు స్టేట్‌మెంట్ మూడూ సరిపోలితే ఫైలు ఆగదు. కానీ రెజ్యూమెలో 'ఇంజనీర్' అని రాస్తే ఆగుతుంది. 'గ్రాడ్యుయేట్ అప్రెంటిస్' అనే రాయాలి. దాన్ని అనుభవంగా లెక్కేయాలా వద్దా అన్నది ఒక్కో కంపెనీ ఇష్టం. అసలు పట్టుబడేది ఫేక్ అనుభవం పెట్టినవాళ్ళు. పీఎఫ్ హిస్టరీలో తేదీలు రిలీవింగ్ లెటర్‌తో కలవవు, కంపెనీ రిజిస్ట్రార్ దగ్గర ఆ కంపెనీ మూతపడినట్టు ఉంటుంది, హెచ్‌ఆర్ మెయిల్ జీమెయిల్ నుంచి వస్తుంది. చేరిన ఆర్నెల్లకి రిపోర్టు వచ్చినా తీసేస్తారు.

హోసూరు బస్సు: ఆదాయపన్ను శాఖ 26ఏఎస్ పత్రంలో టీడీఎస్ (జీతంలో కోసిన పన్ను) చూస్తే తెలిసిపోతుందిగా?

ఫైల్ క్లియర్: ఫ్రెషర్ జీతానికి టీడీఎస్ పడకపోవచ్చు. అది ఒక్కటే చూసి ఏదీ తేల్చం.

సిల్క్‌బోర్డ్ జామ్: ఫేక్ పెట్టమని నేను అన్లేదు. పీఎఫ్ అన్నాను.

ఉప్మా_రెండో_ప్లేట్: మీ ఇద్దరికీ పీఎఫ్ ఆఫీసులో ఒక బెంచీ వేయిస్తాం.

పీన్యా బాబాయ్: అనకపోయినా దారి అటే పోతుంది. కోర్సు మూడు నెలలు, ఆ తర్వాత 'మా కన్సల్టెన్సీలో రెండేళ్ళు చూపిస్తాం, ఇంకో 60,000 కట్టు' అంటారు. పీజీ హాస్టల్లో ముగ్గురు ఉండే గదికి బాడుగ వేరే. జామ్ గారు ఏ కోర్సు సెంటర్ తరఫున మాట్లాడుతున్నారో చెప్తే బాగుంటుంది.

సిల్క్‌బోర్డ్ జామ్: సెంటర్ లేదు, గింటర్ లేదు. మీరు చెప్పండి, మీ వర్క్‌షాపులో అప్రెంటిస్‌లు ఎంతమంది? కంపెనీకి పడేది 4,500. కర్ణాటకలో దుకాణంలో హెల్పర్‌కి ఉన్న కనీస వేతనం కూడా 9,000 దాటే ఉంటుంది. అప్రెంటిస్‌కి ఆ చట్టం వర్తించదు, ఎందుకంటే వాడు వర్కర్ కాదు, ట్రైనీ. కానీ పని వర్కర్‌దే. పన్నెండు నెలలు అవగానే ఇంకో బ్యాచ్. తర్వాత ఉద్యోగంలోకి తీసుకునే విధానం ఏ కంపెనీకి ఆ కంపెనీయే పెట్టుకోవాలని చట్టంలో 22వ సెక్షనే చెప్తోంది. 9,000లో పీజీకి 7,000 పోతే మిగతాది గుత్తి నుంచి వాళ్ళ నాన్న పంపాలి. నా గొడవ పీఎఫ్ గురించి కాదు. ఒక కుర్రాడు పని నేర్చుకునే ఏడాదికి డబ్బు ఎవరు పెడుతున్నారు?

పీన్యా బాబాయ్: ఇది మొదటే అనాల్సింది. నా వాదన కూడా అదే: కోర్సు అయితే మొత్తం నాన్నే పెడతాడు, ఇక్కడ సగమైనా బయటినుంచి వస్తుంది. 30 మంది, అంతకుమించి పనిచేసే ప్రతి సంస్థా తన సిబ్బందిలో 2.5 నుంచి 15 శాతం అప్రెంటిస్‌లని పెట్టుకోవాల్సిందే. బ్యాచ్ మార్చడం నిజమే, అందరూ కాదు. పోయినేడు బ్యాచ్‌లో ఎందరిని ఉంచుకున్నారో అడగాలి. చెప్పకపోతే చేరొద్దు.

సిల్క్‌బోర్డ్ జామ్: అడిగితే నిజం చెప్తారా?

పీన్యా బాబాయ్: హెచ్‌ఆర్ చెప్పడు. షాప్ ఫ్లోర్‌లో సూపర్‌వైజర్ చెప్తాడు. టీ టైములో గేటు దగ్గర నిలబడితే చాలు.

గుత్తి_టు_కేఆర్‌పురం: ఇప్పుడే లెటర్ తీసి చూశా. 'అప్రెంటిస్' అని లేదు, 'ట్రైనీ ఇంజనీర్' అని ఉంది. కాంట్రాక్టు నంబర్ ఎక్కడా లేదు. సర్టిఫికెట్లు ఒరిజినల్స్ ఇవ్వాలట.

ఫైల్ క్లియర్: అయితే అది నాట్స్ కాదు. రిజిస్టర్ చేయకపోతే అప్రెంటిస్ మినహాయింపు వర్తించదు. మామూలు ఉద్యోగి లెక్కే, పీఎఫ్ పరిధిలోని కంపెనీ అయితే అదీ కట్టాలి. ఒరిజినల్స్ ఇవ్వొద్దు. చూపించి జిరాక్సు ఇవ్వండి.

సిల్క్‌బోర్డ్ జామ్: చూశారా, మళ్ళీ పీఎఫే.

పీన్యా బాబాయ్: నాట్స్ పోర్టల్‌లో విద్యార్థిగా తమ్ముడు ముందు నమోదు చేసుకోవాలి, ఆ నంబర్‌తోనే కంపెనీ కాంట్రాక్టు పెడుతుంది. వాడు నమోదే చేసుకోకపోతే కాంట్రాక్టు ఎలా ఉంటుంది? ఈలోగా హెచ్‌ఏఎల్, బీఈఎల్ లాంటి ప్రభుత్వ కంపెనీల అప్రెంటిస్ నోటిఫికేషన్లు చూడమనండి.

గుత్తి_టు_కేఆర్‌పురం: వాడు నమోదు చేసుకోలేదు. రేపు చేయిస్తా. కంపెనీకి మెయిల్ పెట్టి కాంట్రాక్టు సంగతి అడుగుతా.

హోసూరు బస్సు: మెయిలే పెట్టండి, ఫోన్‌లో వద్దు.