అచ్చు మార్పు టైమును ఇన్సెంటివ్‌కు ముడిపెట్టాలా, వద్దా?

షిఫ్ట్_ఇన్‌ఛార్జ్: ప్లాస్టిక్ మౌల్డింగ్ యూనిట్. చిన్న ఆర్డర్లు కూడా పట్టాలన్నది ఈ ఏటి వ్యూహం అనుకోండి. అచ్చు మార్పు 150 నిమిషాల నుంచి 45కి దిగితేనే అది గిట్టుబాటు. నా మాట: ఇన్సెంటివ్‌కు ముడిపెట్టాల్సిందే. జీతంలో కనపడని టార్గెట్టు గోడ మీద పాత క్యాలెండరే.

క్యూసీ_కళ్లద్దాలు: ముడిపెట్టిన మర్నాటి నుంచే గడియారం ఎక్కడ ఆపాలో అందరికీ తెలిసిపోతుందండీ. బోల్టులు బిగించి బటన్ నొక్కగానే "అయింది" అని రాస్తారు. ఆ తర్వాత షార్ట్ షాట్లు (అచ్చు పూర్తిగా నిండని పీసులు), ఫ్లాష్‌తో (అంచున పొడుచుకొచ్చిన ప్లాస్టిక్‌తో) గ్రైండర్‌లోకి పోయే పీసులు ఎవరి లెక్కలోకీ రావు. పాత సరుకులో చివరి మంచి పీసు నుంచి కొత్త సరుకులో మొదటి మంచి పీసు దాకా కొలవాలి. సంతకం క్యూసీది, అంటే నాణ్యత తనిఖీవాళ్లది.

షిఫ్ట్_ఇన్‌ఛార్జ్: ఒప్పుకుంటాను. కొలత సరిచేస్తే ముడిపెట్టడానికి అడ్డేంటి మరి?

ప్లానింగ్_బల్ల: అడ్డు మా బల్ల దగ్గరే ఉంది. నలుపు రంగు తర్వాత తెలుపు వేయిస్తే బ్యారెల్ పర్జింగ్‌కే (ప్లాస్టిక్ కరిగే గొట్టంలోంచి పాత రంగును వెళ్లగొట్టడానికే) బోలెడు టైము పోతుంది. లేత నుంచి ముదురుకి వెళ్లేలా వరస వేయాల్సింది మేము. ఏబీఎస్ అనే ప్లాస్టిక్ గింజలను 80 డిగ్రీల దగ్గర రెండు నుంచి నాలుగు గంటలు ఆరబెట్టాలి. డ్రయ్యర్ ముందే నింపకపోతే తేమ వల్ల పీసు మీద వెండి చారలు. తప్పు మాది, కోత ఆపరేటర్‌కా?

ఇక టైము ఎలా తగ్గుతుందంటారా, 1969లో టొయోటాలో 1000 టన్నుల ప్రెస్‌కు డై (రేకును ఒత్తే అచ్చు) మార్చడానికి నాలుగు గంటలు పట్టేది. జపాన్ ఇంజినీరు షిగెయో షింగో దాన్ని ముందు గంటన్నరకు, ఆపైన మూడు నిమిషాలకు దించారు. మెషిన్ ఆగాకే చేయాల్సిన పని వేరు, నడుస్తుండగా చేసుకోగల పని వేరు అని విడగొట్టడమే అక్కడ కిటుకు. మనకైతే: తర్వాతి అచ్చు ముందే మెషిన్ పక్కకు రావాలి, వేడెక్కి ఉండాలి. నీళ్ల గొట్టాలకు క్విక్ కప్లింగ్‌లు (చటుక్కున తగిలించి ఊడదీసే జోడింపులు). అచ్చులన్నిటికీ క్లాంప్ పట్టే ప్లేటు మందం ఒకటే. లేదంటే ప్రతిసారీ బోల్టులు, ప్యాకింగులు వెతుక్కోవడమే.

క్యూసీ_కళ్లద్దాలు: అచ్చును పైకెత్తే హాయిస్ట్‌ను మర్చిపోయారు. రెండు మెషిన్లు ఒకేసారి ఆగితే ఒకటి దాని కోసం కాచుక్కూర్చోవాలి.

షిఫ్ట్_ఇన్‌ఛార్జ్: సరే, మొదటి మూడు నెలలు డబ్బు మాట ఎత్తను. ఆ తర్వాత ఇస్తే ఆపరేటర్, టూల్‌రూమ్ (అచ్చుల మరమ్మతు చూసేవాళ్లు), ప్లానింగ్ ముగ్గురికీ కలిపే.

ప్లానింగ్_బల్ల: కలిపి ఇవ్వండి, కానీ వరస మధ్యలో "అర్జెంట్" అంటూ దూరే సేల్స్‌వాళ్లను కూడా అందులో చేర్చండి.