ఈత పరీక్షలో ఎలుక ఆగిపోతే దానిని కుంగుబాటు అనవచ్చునా?

పెన్నా తీరం (అనంతపురం): ఎం.ఫార్మసీ చదివేటప్పుడు చిట్టెలుకలను గాజు జాడీలోని నీళ్లలో వదిలి, ఆరు నిమిషాలలో చివరి నాలుగు నిమిషాలు అవి ఎంతసేపు కదలకుండా తేలాయో స్టాప్‌వాచ్‌తో లెక్కించాను. పోర్సోల్ట్ అనే శాస్త్రవేత్త 1977లో తెచ్చిన ఈ పరీక్షలో ఎలుక ఈత మానితే 'నిరాశ' అని రాసుకుంటాము. మునగనని తెలిసిన ప్రాణి బలం దాచుకుంటే అది నిరాశ ఎలా అవుతుంది?

బురుజు నీడ (కర్నూలు): ఎలుకకు కుంగుబాటు వచ్చిందని ఎవరూ అనడం లేదండీ. కుంగుబాటుకు వాడే ఇమిప్రమిన్ వంటి మందు ఇస్తే కదలని సమయం తగ్గుతుంది కనుక, కొత్త మందులకు దీనిని జల్లెడగా వాడుతున్నాము. నేను ఏళ్లుగా ఫార్మకాలజీ చెబుతున్నాను.

పెన్నా తీరం: ఆ జల్లెడ ఎస్ఎస్ఆర్ఐలనే మరో రకం కుంగుబాటు మందులనే పెద్ద ఎలుకలలో (ర్యాట్‌లలో) సరిగా పట్టలేకపోయింది, ఈదడాన్ని, గోడ ఎక్కబోవడాన్ని విడివిడిగా లెక్కించిన తరువాతే వాటి గుణం కనబడింది. ఇమిప్రమిన్ గుణాన్ని 1950లలో మానసిక వైద్యుడు రోలాండ్ కూన్ గమనించింది రోగులలో, జాడీలో కాదు. కుంగుబాటు మందుగా జంతువులలో ఆశ చూపిన అప్రెపిటెంట్ రోగుల మీది పెద్ద పరీక్షలలో మందులేని మాత్రను మించలేక, చివరకు కీమోథెరపీ వాంతులకు మందుగా మిగిలింది.

దేవుని గడప (కడప): నీళ్లు ఎన్ని డిగ్రీలు? అది చెప్పకుండా ఈ చర్చ వ్యర్థం.

పెన్నా తీరం: 25 డిగ్రీలు. మే నెలలో ట్యాంకు నీళ్లు కాగిపోయేవి కనుక ఐసు ముక్కలు వేసి దించేవాళ్లము.

బురుజు నీడ: ఐసు కరిగే కొద్దీ వేడి మారిపోతుంది. తప్పు పరీక్షది కాదు, మీ చేతిది.

పెన్నా తీరం: ఐసు పూర్తిగా కరిగి, థర్మామీటరు నిలిచాకే ఎలుకను వదిలాను. తీసిన ప్రతి ఎలుకనూ తువ్వాలుతో తుడిచి వెచ్చబెట్టాను. నా చేతిని అనకండి.

దేవుని గడప: ఎలుకకు ఎలుకకు మధ్య నీళ్లు మార్చారా?

బురుజు నీడ: మాట తూలాను, మన్నించండి. మా చెల్లెలు ఈ కుంగుబాటు మాత్రలతోనే మంచం దిగి పిల్లలకు జడలు వేస్తున్నది. పరీక్షే బూటకమని చదివి ఆమె మాత్రలు మానేస్తుందేమోనని నా భయం.

పెన్నా తీరం: ఆమె మాత్రలు మానకూడదు; అవి పనిచేస్తాయని తేలింది వేల మంది రోగుల మీద. నా బాధ వేరు. అవే మాత్రలు మా నాన్నకు పట్టలేదు. పాత మందులతో సరిచూసుకున్న జల్లెడ పాత మందుల తోబుట్టువులనే పట్టి ఇస్తుంటే, ఆయనవంటి వారికి కొత్త మందు ఎక్కడి నుంచి వస్తుంది?

బురుజు నీడ: అందుకే 1980లలో విల్నర్ అనే శాస్త్రవేత్త వేరే పద్ధతి తెచ్చారు: వారాల తరబడి చిన్న చిన్న ఒత్తిళ్లు పెట్టి, ఎలుకకు తీపి నీళ్ల మీద మక్కువ తగ్గిందా అని చూస్తారు. ప్రయోగశాలకొక ఫలితం వస్తుందన్న నింద దానికీ ఉన్నది.

పెన్నా తీరం: అది మా నాన్నకు దగ్గరగా ఉన్నది. ఉడికించిన చెనక్కాయల గిన్నె ముందు పెట్టినా ఆయన చేయి చాచేవాడు కాదు. ఆ పద్ధతే చేస్తానని గైడును అడిగాను. థీసిస్ గడువులో అన్ని వారాలు ఎక్కడివని, ఆరు నిమిషాల జాడీ ఇచ్చారు.