అప్‌డేట్: షోరూం ఆయిల్ మార్పు బిల్లు ఎందుకంత పెరిగిందో తెలిసింది

నెల్లూరు షోరూంలో నా కారు ఇంజిన్ ఆయిల్ మార్పుకు ఇచ్చిన అంచనా, ఆటోనగర్ మెకానిక్ చెప్పిన ధరకు దాదాపు రెట్టింపు ఎందుకుందని ఇంతకుముందు అడిగాను. మీ సలహా ప్రకారం అంచనా కాగితాన్ని పద్దులవారీగా పరిశీలించగా ఆయిల్, ఫిల్టర్, డ్రెయిన్ ప్లగ్ వాషర్ ధరల్లో పెద్ద తేడా కనిపించలేదు. బిల్లును పెంచినవి ఇంజిన్ ఫ్లష్ (ఇంజిన్ లోపలిని కడగడం), థ్రాటిల్ బాడీ (ఇంజిన్‌లోకి వెళ్లే గాలిని నియంత్రించే భాగం) క్లీనింగ్, ఏసీ శుద్ధి వంటి పనులే, వీటిలో ఏదీ కారుతో ఇచ్చిన పుస్తకంలోని సర్వీసు షెడ్యూలులో లేదు. సర్వీస్ అడ్వైజర్ గారు ముఖం కాస్త చిట్లించినా, అడగగానే వాటిని కొట్టివేశారు. లేబర్ మీద 18 శాతం జీఎస్టీ మాత్రం తప్పదు.

నాణ్యత విషయానికి వస్తే, బిల్లులో ఆయిల్ చిక్కదనాన్ని తెలిపే 0డబ్ల్యూ-20 గ్రేడు సరిగానే రాశారు. అయితే మరునాటి ఉదయం చదునైన నేల మీద, ఇంజిన్ చల్లగా ఉన్నప్పుడు డిప్‌స్టిక్ (ఆయిల్ మట్టం కొలిచే పుల్ల) తీసి చూస్తే ఆయిల్ గరిష్ఠ మట్టాన్ని సూచించే పై గీతను దాటి ఉంది. మట్టం మరీ ఎక్కువైతే ఇంజిన్‌లో తిరిగే ఇరుసైన క్రాంక్‌షాఫ్ట్ తగిలి ఆయిల్ నురగెత్తుతుంది, అప్పుడు భాగాలకు సరిగా అందదు. తీసుకువెళ్లి చూపిస్తే ఎక్కువైనది ఉచితంగానే తీశారు, కానీ దాని ధర తిరిగి ఇవ్వలేదు.

వారంటీ ముగిసేవరకు అక్కడే చేయించి బిల్లులు దాచుకుంటాను. ఆ తర్వాత సీలు తీయని ఆయిల్ డబ్బా నేనే కొని ఆటోనగర్‌కు వెళ్తాను.