పై గదుల్లో వేడి తగ్గాలి, సీలింగు మాత్రం కిందికి రాకూడదు. ఏం చేయాలి?

బెజవాడ_మేడ: ఇల్లు విజయవాడలో, పాతది, పైన రెండు గదులు. నేల నుంచి స్లాబుకు 9 అడుగుల 2 అంగుళాలే. ఏప్రిల్ వచ్చిందంటే పగటి సంగతి సరే, రాత్రి పదకొండుకి కూడా స్లాబు కింద చెయ్యి పెడితే వెచ్చగా తగులుతుంది, ఫ్యాను వేస్తే ఆ వేడే కిందికి దిగుతుంది. ఫాల్స్ సీలింగ్ చేయించి లోపల గ్లాస్ ఊల్ పరిపించమంటున్నారు అందరూ. అరడుగు పోతే మా అబ్బాయి చేతులెత్తి షర్టు వేసుకున్నా ఫ్యాను రెక్కలు తగిలేలా ఉన్నాయి.

సైటు_మేస్త్రీ: వద్దండీ. నేషనల్ బిల్డింగ్ కోడ్ ప్రకారం మనుషులుండే గదికి కనీసం 2.75 మీటర్లు ఉండాలి, అంటే 9 అడుగుల పైచిలుకు, ఏసీ గదికైతే 2.4 చాలు. మీరు ఇప్పటికే అంచున ఉన్నారు. పైగా లోపల ఎంత పరిచినా స్లాబు ఎండకి కాగుతూనే ఉంటుంది కదా. చేసేదేదో డాబా మీదే చేయండి: ముందు వాటర్‌ప్రూఫింగ్, దాని మీద 50 మిల్లీమీటర్ల ఎక్స్‌పీఎస్ షీట్లు (వేడిని ఆపే గట్టి ఫోమ్ పలకలు), ఆపైన జాలీ వేసి సన్నకంకర కాంక్రీటు, చివర తెల్ల టైల్స్. అంగుళం ఎక్స్‌పీఎస్ ఆపేంత వేడిని కాంక్రీటుతో ఆపాలంటే నాలుగడుగుల మందం కావాలి. పాత స్లాబు అంటున్నారు కాబట్టి ఆ కాంక్రీటు బరువు మోస్తుందో లేదో ఇంజనీరుకి ఒకసారి చూపించండి.

ఖమ్మం_ఎండ: అంత ఖర్చుకి ముందు మార్చిలోనే డాబాకి రెండు కోట్లు సున్నం కొట్టించి చూడండి, లేదా ఎండని వెనక్కి కొట్టే తెల్లటి కూల్ రూఫ్ పెయింట్. తెలంగాణ ప్రభుత్వం 2023లో దీనికోసమే ఒక పాలసీ కూడా తెచ్చింది. కాకపోతే దుమ్ము పడితే తెలుపు మాసిపోతుంది, సున్నమైతే ఏటా కొట్టాల్సిందే, వడియాలు పెట్టుకునే వాళ్లకి అదో గొడవ.

అద్దె_పోర్షన్: ఓనరు డాబా ముట్టుకోనివ్వకపోతే? అప్పుడు స్లాబుకే అంగుళం షీటు అంటించి, కింద జిప్సం బోర్డు బిగిస్తే రెండంగుళాల లోపే పోతుంది. చెమ్మ ఉంటే మాత్రం ఆ పని పెట్టుకోకండి, కారేది కనపడకుండా లోపలే నాని ఇనుము తుప్పు పడుతుంది.

బెజవాడ_మేడ: డాబా మాదే. మూల దగ్గర కాస్త చెమ్మ ఉంది, కాబట్టి పైనే చేయిస్తా. మరి పిట్టగోడ ఎత్తు తగ్గదా?

సైటు_మేస్త్రీ: నాలుగైదు అంగుళాలు తగ్గుతుంది, పిల్లలుంటే ఇంకో రెండు వరసల ఇటుక కట్టించండి. అంతకంటే ముఖ్యం వాన నీటి గొట్టాలు: కొత్త నేల వాటివైపే వాలేలా, నోరు మూసుకుపోకుండా చూసుకోండి. ఆ మూల చెమ్మ సంగతి షీట్లు పరవకముందే తేల్చేయాలి, తర్వాత తవ్వడమంటే మొత్తం పోసింది పగలగొట్టడమే. ఇంకోటి, పడమటి గోడ మీద ఎండ నేరుగా పడుతుంటే డాబా ఒక్కటే చేసి చల్లబడలేదంటే కుదరదు, కిటికీలకి బయటి నుంచి వట్టివేళ్ల తడికలైనా కట్టండి.