అప్‌డేట్: తమ్ముడి కౌన్సెలింగ్ సంగతి

ఆఫీసు పేరెత్తితే తమ్ముడికి గుండె దడ, నిద్ర లేదు, ఎదురుగా కూర్చుని మాట్లాడే కౌన్సెలింగ్ మేలా, ఫోన్‌లో కౌన్సెలింగ్ యాప్ సరిపోతుందా అని ఇంతకుముందు ఇక్కడ అడిగాను కదా. ముందు మీరు చెప్పిన 14416కి చేయించాం. కేంద్రం 2022లో మొదలుపెట్టిన టెలి మానస్ అది, మానసిక సమస్యలకి ఫోన్‌లో సాయం చేసే హెల్ప్‌లైన్. పైసా ఖర్చు లేదు, తెలుగులోనే మాట్లాడారు. మనిషిని కలవమన్నదీ వాళ్లే.

ఎర్రగడ్డ అనగానే అమ్మ "పిచ్చాసుపత్రికా? రేపు వీడికి పిల్లనెవరిస్తారు?" అంది. సరే, అమీర్‌పేటలో ఒక సైకాలజిస్టు దగ్గరికి వెళ్తున్నాడు. సీబీటీ పద్ధతట, అంటే మన ఆలోచనల్ని పరీక్షించుకుని మార్చుకునే కౌన్సెలింగ్. చిన్ననాటి కథలు పెద్దగా తవ్వలేదు, నోట్‌బుక్‌లో మూడు గడులు గీయించారు: ఏం జరిగింది, ఏమనుకున్నాను, రుజువేంటి. "మేనేజర్ కాల్ చేయమన్నాడు", "ఉద్యోగం ఊడినట్టే" అని రాశాడు. మూడో గడిలో ఏం రాయాలో తోచక వాడికే నవ్వొచ్చిందట.

యాప్ తీసేయలేదు. శ్వాస వ్యాయామాలకి బానే ఉంది. కానీ ఏం చెప్పినా "మీ బాధ అర్థమైంది" అని ఒకటే పాట. "బానే ఉన్నా" అన్నప్పుడు వీడి గొంతు వణికితే ఆ సైకాలజిస్టు మేడమ్ పట్టేస్తారు, యాప్‌కి తెలీదు. వర్షం పడి ట్రాఫిక్ ఆగిపోయిన రోజు ఆవిడే వీడియోలో మాట్లాడతారు.

మందుల గురించి అడిగినవాళ్లకి: అవి సైకియాట్రిస్టు రాయాలి, సైకాలజిస్టు కాదు. వీడికింకా అవసరం పడలేదు. అమ్మకి మాత్రం వీడు నడుంనొప్పికి ఫిజియోథెరపీకి వెళ్తున్నాడని చెప్పాం.